వరస తప్పని జవాబులు

నాలుగో రోజు

జిల్లాకు ఇచ్చే నివేదిక కోసం పడవ ఎక్కిన రోజు నుంచే రాయాలట. ఎలా రాస్తాను? పద్దెనిమిది రోజుల ప్రయాణంలో పదిహేను రోజులు బకెట్టు పట్టుకునే కూర్చున్నాను. హెల్వా దీవిలో దిగాక కూడా మూడు రోజుల పాటు కాళ్ల కింద నేల ఊగుతూనే ఉంది. నా లెక్కలో ఇదే మొదటి రోజు. వీళ్లు దీవిలో దిగిన రోజు నుంచి లెక్కేస్తారు కాబట్టి నాలుగు అని వేశాను.

నా పేరు వావిలపల్లి ఇందుమతి. సాలూరు కొండమీద ఎగువబడిలో పంతొమ్మిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. సముద్రం పైకొచ్చి తీరంలోని ఊళ్లన్నీ కొండెక్కాక, మా బడిలో కువి మాట్లాడే పిల్లలు, ఒడియా మాట్లాడే పిల్లలు, చేపల రేవుల నుంచి వచ్చిన పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. అందరి చెవుల్లోనూ గింజలున్నాయి. ఎవరు ఏ భాషలో మాట్లాడినా ఎదుటివాళ్లకు తమ భాషలోనే వినిపిస్తుంది. అయినా సగం మంది నోరు విప్పరు. ఇలాంటి పిల్లలను హెల్వా బడిలో బాగా మాట్లాడిస్తారని పేరుంది. ఎలాగో చూసి రమ్మని జిల్లా మొత్తం మీద నన్నొక్కదాన్నే ఎంపిక చేశారు. ఈ మాట పడవలో అందరికీ చెప్పాను. ఇక్కడా చెప్పాను. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

ఆరో రోజు

ఇక్కడ అతిథి అయినా సరే, ఎవరి నీళ్లు వాళ్లే తెచ్చుకోవాలి. కొండ అంచున పెద్ద పెద్ద వలలు కట్టారు. పొగమంచు వాటికి తగిలి నీరై తొట్టెలోకి కారుతుంది. పొద్దున్నే వెళ్లి వల దులపాలి, బిందె నింపుకోవాలి. అక్కడే సున్నివాను మొదటిసారి చూశాను. నేను ఎవరి తరగతిలో కూర్చుని నేర్చుకోవాలో ఆ టీచరు. యాభై ఐదేళ్లుంటాయి. భారీ మనిషి. నవ్వు వస్తే మోకాలు పట్టుకుని వంగిపోతుంది. ఆవిడ బిందె మోయడానికి నలుగురు పిల్లలు కొట్టుకుంటున్నారు. నా బిందె నేనే మోసుకొచ్చాను. ఒక్క పిల్ల కూడా ఇటు చూడలేదు.

రాసుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, ఆ నాలుగు జతల చేతులు చూసి నా కడుపు మండింది.

ఎనిమిదో రోజు

వీళ్ల పద్ధతి ఇవాళ అర్థమైంది. దీన్ని "తెలియని గంట" అంటారు. రోజూ ఒక గంట సేపు టీచరు చెవిగింజ తీసి డబ్బాలో పెట్టి, ఒక పిల్ల దగ్గర కూర్చుంటుంది. ఆ పిల్లకు వచ్చి తనకు రాని పనేదో ఆ పిల్ల భాషలోనే నేర్చుకుంటుంది. నిజంగా రానిదే అయ్యుండాలి. రానట్టు నటించకూడదు. నటిస్తే పిల్లలు రెండో నిమిషంలో పట్టేస్తారని సున్నివా చెప్పింది.

ఇంతేనా అనుకున్నాను. దీనికోసమా నేను పదిహేను రోజులు బకెట్టు పట్టుకున్నది?

అప్పుడు సున్నివా నేల మీద సుద్దతో అయిదు గళ్లు అడ్డంగా, అయిదు గళ్లు నిలువుగా గీసింది. అష్టాచెమ్మా! ఒక బక్కపలచటి ఎనిమిదేళ్ల పిల్ల వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుంది. నాలుగు గుల్లలు విసిరింది.

"ఏసీ టీచరూ. ఏటి సూస్తావు?" అంది.

హెల్వా దీవిలో, మా ఉత్తరాంధ్ర మాట!

ఆ పిల్ల పేరు సూరాడ పోలేశ్వరి. అందరూ పోలి అంటారు. తల్లి నూకరత్నం ఇక్కడి సముద్రపు నాచు తోటల్లో పని చేస్తుంది. పోలి తరగతిలో రెండేళ్లుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెవిగింజ ఉన్నా సరే, ఎవరైనా ప్రశ్న అడిగితే తల దించేసుకుంటుంది. సున్నివా ఎదురుగా మాత్రం, ఆ గంటలో మాత్రం, నోరు ఆగదు. సున్నివాకు వచ్చిన తెలుగు మాటలు ఎనభై ఉంటాయేమో. "పోలీ, నా కాయ చచ్చిందా?" అని అడుగుతుంది. "సచ్చీలేదు, బతికీలేదు, దొంగాట మానీ ముందు" అని పోలి కసురుతుంది. ఆ మనిషి మోకాలు పట్టుకుని నవ్వుతుంది.

నేను వెళ్లి పక్కన కూర్చుని, "అమ్మాయీ, మీది ఏ ఊరు?" అని అడిగాను. పోలి గుల్లలు కింద పెట్టేసింది. ఆ తర్వాత గంట అయ్యేవరకూ ఒక్క మాట లేదు.

పదకొండో రోజు

ఇది అన్యాయం. తెలుగు నాది. ఆట నాది. చివరికి ఆ యాస కూడా మా అమ్మమ్మది. పిల్ల మాత్రం ఆవిడది!

ఇవాళ సున్నివాను అడిగి ఆ గంట నేను తీసుకున్నాను. చిన్నప్పుడు మా వీధిలో అష్టాచెమ్మాలో నన్ను కొట్టినవాళ్లు లేరు. పోలికి ఆ సంగతి తెలియాలనిపించింది. మూడాటలు ఆడాం. మూడూ నేనే గెలిచాను. ఒక ఆటలో దాని నాలుగు కాయలూ వరసగా చంపాను. ఒక్కటి కూడా పండనివ్వలేదు. మధ్యలో మెళకువలు కూడా చెప్పాను. ఎప్పుడు ఏ కాయ కదపాలో, గుల్లలు ఎలా విసిరితే బోర్లా పడతాయో విడమరిచి చెప్పాను. పోలి వింది. గంట అయ్యాక గుల్లలు ఏరుకుని వెళ్లిపోయింది.

సున్నివా చెవిగింజ పెట్టుకుని వచ్చి ఎలా జరిగిందని అడిగింది. గెలిచానన్నాను. ఆవిడ రేపటి నుంచి ఆ గంట మళ్లీ తనే తీసుకుంటానంది.

పదిహేనో రోజు

సున్నివా రోజూ ఆ గంట పోలితోనే ఎందుకు గడుపుతోందో ఇవాళ తెలిసింది. రెండేళ్లు మాట్లాడని పిల్లను "వినికిడి సభ" ముందు కూర్చోబెడతారు. ముగ్గురు సభ్యులు ప్రశ్నలు అడుగుతారు. పిల్ల ఏ భాషలో జవాబు చెప్పినా ఫరవాలేదు. అర్థమై చెప్పిందని వాళ్లకు నమ్మకం కుదిరితే చాలు. కుదరకపోతే "లోగింజ" వేస్తారు. చెవి వెనక ఎముక కింద కుట్టేది. దాంతో పిల్ల మర్నాటి నుంచే దీవి భాష గలగలా మాట్లాడుతుంది. ఏడాది తిరిగేసరికి ఇంటి మాట తనంతట తానుగా నోటికి రావడం ఆగిపోతుంది. టీచర్ల సాక్ష్యం సభలో చెల్లదు. పిల్ల మీద మమకారంతో టీచర్లు ఎప్పుడూ బాగానే చెబుతారట.

పోలి వంతు ముప్ఫయ్యో రోజు. ఆటపటం సభలోకే తీసుకెళ్లి, సభ పెద్దకు పోలి చేత ఆట నేర్పించాలని సున్నివా ఆలోచన. అలా తీసుకెళ్లడానికి అనుమతి ఉందట.

పదిహేడో రోజు

నాచు ఎండబెట్టే పాకల దగ్గర నూకరత్నం కనిపించింది. నన్ను చూడగానే మొహం చాటంత అయింది. తడి చేతులు గబగబా చీరకు తుడుచుకుని, నాచు మోపు మీద గోనె పరిచి కూర్చోమంది. పక్కింటి పిల్లకు నిరుడు లోగింజ వేశారని చెప్పింది.

"అమ్మా అని పిలుస్తాది టీచరమ్మా. మరింక మాట రాదు. తల్లి గింజెట్టుకుంటేనే పిల్ల మాట తెలుస్తాది. కడుపున పుట్టిన పిల్లతో గింజలోంచి మాటాడాల? నావల్ల కాదు." కాసేపాగి అంది: "సున్నివా టీచరు మంచిదే. గానీ మనూరి మనిసివి నువ్వున్నావు. నువ్వు సెప్తే నేర్సుకుంటాది."

ఆ మాట నాకు ఎంత తీపిగా ఉందో! ఇన్ని రోజులుగా ఈ దీవిలో నా కోసం ఎవరూ అనని మాట. అప్పుడే ఒప్పేసుకున్నాను. ఇంకో మాట కూడా అన్నాను. అధికారుల ముందు గుల్లలాట ఆడిస్తే మనవాళ్ల గురించి ఏమనుకుంటారు, సభలో జూదమా అన్నాను. నూకరత్నం మొహం వాడిపోయింది. అంతవరకూ తనకు తోచలేదంది. ఆట వద్దని సున్నివాతో తనే చెబుతానంది.

సున్నివాకు నేను చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

పంతొమ్మిదో రోజు

మా బడికి తనిఖీ వస్తుందంటే ఏం చేస్తామో ఈ దేశం వాళ్లకు తెలియదు. నెల ముందు నుంచే మొదలుపెడతాం. ఏ అధికారి ఏం అడుగుతాడో అంతకు ముందే తనిఖీ అయిన బడి నుంచి కబురు తెప్పిస్తాం. ప్రశ్నకో జవాబు రాసి పిల్లలకు బట్టీ పట్టిస్తాం. పంతొమ్మిదేళ్లలో నా తరగతి ఒక్క తనిఖీలోనూ తప్పలేదు.

సభ రికార్డులు గ్రంథాలయంలో అందరికీ చూపిస్తారు. నాలుగేళ్లవి తిరగేశాను. ప్రతిసారీ అవే ఆరు ప్రశ్నలు, అదే వరస. నీ పేరేమిటి? పొద్దున్న ఏం తిన్నావు? ఇంట్లో ఎవరెవరున్నారు? కిటికీలోంచి ఏం కనిపిస్తోంది? నీకు దేనికి భయం? నీకు ఏది ఇష్టం? ఇంత తేలికైన తనిఖీని నేను పుట్టి ఎరగను. ఆరు జవాబులు చక్కటి తెలుగులో రాశాను.

ఇరవై ఆరో రోజు

పోలి రోజూ బడి విడిచాక నా గదికి వస్తోంది. నేను చెబుతాను, తను అంటుంది. "ఈ ఉదయం నేను నాచు రొట్టె తిన్నాను." "మా ఇంట్లో నేను, మా అమ్మగారు నివసిస్తున్నాము." ఎంత ముచ్చటగా ఉందో! యాస మచ్చుకైనా లేదు. నా మాటలు కాక తన సొంత మాట ఒక్కటీ నాతో అనదు. అది సభ అయ్యాక చూసుకోవచ్చు.

సభలో ముగ్గురూ నోళ్లు తెరుచుకుని వింటారు. ఎవరు నేర్పారని అడుగుతారు. సున్నివా అక్కడే ఉంటుంది. ఆవిడ మొహం ఎలా ఉంటుందో రెండుసార్లు ఊహించుకున్నాను. మూడోసారి కూడా ఊహించుకున్నాను.

ఇవాళ వెళ్లబోతుంటే పోలి గుమ్మంలో ఆగింది. ఏదో అడగబోయినట్టుంది. నేనే అందుకున్నాను. "ఎవరేమన్నా సరే, ఈ వరస మాత్రం తప్పకూడదు. తప్పావో, ఊరుగాని ఊళ్లో టీచరమ్మ పరువు పోతుంది. నా పరువు నీ చేతిలో ఉంది, తెలిసిందా?" తలూపింది. నేనేం కొత్తగా అనలేదు. ప్రతి తనిఖీ ముందూ మా పిల్లలతో అనే మాటే.

ముప్ఫయ్యో రోజు

సభ పెద్దకు జలుబు. ముక్కు తుడుచుకుని, కాగితం చూడకుండా అడిగింది: "నీకు దేనికి భయం?"

"నా పేరు సూరాడ పోలేశ్వరి" అంది పోలి.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కిటికీలోంచి ఏం కనిపిస్తోందని అడిగారు. ఈ ఉదయం నేను నాచు రొట్టె తిన్నాను అంది. నీ పేరు చెప్పమన్నారు. మా ఇంట్లో నేను, మా అమ్మగారు నివసిస్తున్నాము అంది. స్పష్టంగా, చేతులు కట్టుకుని, నేను నేర్పినట్టే. ఆరు ప్రశ్నలకూ ఆరు జవాబులు చెప్పింది. ఒక్కటీ దాని చోట పడలేదు. నేను ఎంత సైగ చేసినా నా వైపు చూసి కూడా వరస మార్చలేదు.

సాయంత్రానికి తీర్పు వచ్చింది. పిల్లకు శబ్దాలు వచ్చు, అర్థం లేదు. నలభయ్యో రోజున లోగింజ.

ముప్ఫై రెండో రోజు

నీళ్లకు వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను.

నిన్నంతా తప్పు సభ పెద్ద జలుబుదే అనుకున్నాను. నాలుగేళ్లు ఒకే వరసలో అడిగి ఇప్పుడే మార్చాలా? ఆ తర్వాత పోలిదే తప్పనుకున్నాను. ఎనిమిదేళ్ల పిల్ల, ఆ మాత్రం చూసుకోవద్దా? ఇలా ఎవరో ఒకరి మీదకు తోసేస్తే గానీ ఊపిరాడలేదు.

మధ్యాహ్నం సున్నివా నాచు గంజి పట్టుకుని నా గదికి వచ్చింది. నన్ను తిట్టడానికనుకున్నాను. తప్పంతా తనదేనంది. రెండేళ్ల పాటు పిల్లతో ఆటలాడుతూ కూర్చున్నానని, ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్పనేలేదని, అందుకే పాపం అది భయపడి ఎవరో చెప్పిన మాటలు అప్పజెప్పిందని కళ్లు తుడుచుకుంది. ఎవరు చెప్పారో ఆవిడ అడగనే లేదు. బహుశా తల్లి అనుకుని ఉంటుంది. వచ్చే ఏడు నుంచి తెలియని గంట మానేస్తానంది.

ఇరవై ఆరు రోజుల నుంచి ఆవిడ ఓడిపోవాలని కోరుకున్నాను. ఓడిపోయి నా ముందే కూర్చుంది. గంజి గిన్నె తాగకుండా పక్కన పెట్టేశాను.

ముప్ఫై మూడో రోజు

పొద్దున్నే సభ కచేరీకి వెళ్లాను. ఇక్కడ ఒక నియమం ఉంది. ఏడు రోజుల లోపల ఎవరైనా పెద్దవాళ్లు తప్పు తమదని ఒప్పుకుంటే పిల్లకు మళ్లీ విచారణ ఇస్తారు. ఒప్పుకున్నవాళ్లు మరి బడిలో అడుగు పెట్టకూడదు, వచ్చే పడవలో వెళ్లిపోవాలి. నివేదిక ఉండదు. జిల్లాకు ఏం చెప్పుకుంటానో తెలియదు.

గుమస్తా కారణం అడిగింది. పిల్లను తప్పుదారిన ఎందుకు నడిపించారు? మా దేశంలో ఇదే అలవాటు అని రాయించబోయాను. సగం నిజం. ఆగి, మిగతాది కూడా చెప్పాను.

"పిల్ల ఆవిడతో మాట్లాడుతుంది, నాతో మాట్లాడదు. ఓర్చుకోలేకపోయాను. అది సభలో నా మాటలు చెబితే, అది నా పిల్ల అని అందరికీ తెలుస్తుందనుకున్నాను."

గుమస్తా అక్షరం వదలకుండా రాసుకుంది. సంతకం పెట్టాను.

అక్కడి నుంచి సున్నివా ఇంటికి వెళ్లి, ఆటపటం వద్దనిపించింది కూడా నేనేనని చెప్పాను. ఆవిడ అంతా విని లేచి తలుపు తీసి పట్టుకుంది. బయటకు వచ్చాను. నూకరత్నం దగ్గరకు వెళ్లే ధైర్యం లేక సాయంత్రం వరకూ రేవులో కూర్చున్నాను. చివరికి వెళ్లాను. "ఎంత పని సేసినావు టీచరమ్మా" అంది.

ముప్ఫై ఎనిమిదో రోజు

పడవ సాయంత్రం. విచారణ పొద్దున్న జరిగింది. ఒప్పుకున్న మనిషి సభలో ఉండాలి గానీ గోడ వైపు తిరిగి కూర్చోవాలి. పిల్ల ఆ మొహం చూసి జవాబు చెప్పకూడదని. కాబట్టి ఇదంతా నేను చూడలేదు, విన్నాను.

సున్నివా ఎక్కడో నా వెనక ఎడమ వైపు కూర్చుంది. నూకరత్నం ముక్కు ఎగబీల్చడం వినిపించింది. పోలి చెప్పులు టపటపలాడుతూ వచ్చి ఆగాయి. సభ పెద్ద నేరుగా అడిగింది. ఆ రోజు మా ప్రశ్నలు నీకు అర్థం కాలేదా?

నా ఎదుట గోడ మీద ఒక పగులు ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. మాట్లాడకపోతే రెండు రోజుల్లో కుట్టేస్తారు.

"అర్దమైనాయి" అంది పోలి.

మరి తప్పుగా ఎందుకు చెప్పావు?

"వరస తప్పితే టీచరమ్మ పరువు పోతాదంది. ఆవిడికి ఇక్కడ ఎవులూ నేరు. నీళ్లు తెచ్చుకోడానికీ ఒక్కలే ఎల్తాది. మా సున్నివా టీచరుకి అందరూ ఉన్నారు కదా. నాను కూడా వరస తప్పిత్తే ఆవిడికి ఏటి మిగులుతాది? అందుకే అలగే సెప్పీసినాను. గింజ కుడతారని నాకు తెల్దు."

సభ పెద్ద గొంతు మారింది. ఇంత చక్కగా మాట్లాడుతున్నావు, మీ భాష టీచరే వచ్చింది కదా, ఆవిడతో ఒక్కసారైనా ఎందుకు మాట్లాడలేదు అని అడిగింది.

"మాటాడనిత్తే కదా" అంది పోలి. "ఆవిడే మాటాడుతాది."

ఎవరో నవ్వారు. నూకరత్నం గట్టిగా ఏడ్చింది. లోగింజ ఉత్తర్వు రద్దు చేస్తున్నామని సభ పెద్ద చదవడం వినిపించింది. వెంటనే చిన్న చెప్పులు గది అడ్డంగా పరుగెత్తాయి. అవి ఎడమ వైపు వెళ్లాయి, సున్నివా దగ్గరకు. ఇంత జరిగాక కూడా నా కడుపు మండింది. అబద్ధం ఎందుకు రాయాలి?

ఇక ఇటు తిరగవచ్చని గుమస్తా నా భుజం తట్టి చెప్పింది. తిరిగితే ఆ పిల్ల మొహం చూడాలి. కాసేపు ఇలాగే ఉండనివ్వమని అడిగాను.